మొదటి ఈపీ విన్నాక ఉత్తరం రాయొచ్చా?

ప్రశ్న: పని చేసుకుంటూ పాటలు పెట్టుకోవడం నా అలవాటు. మూడు వారాల కిందట ఒక పాట అయిపోగానే దానంతట అదే ఇంకో పాట మొదలైంది. చేస్తున్న పని ఆపేసి విన్నాను. ఎవరో ఇద్దరు కలిసి చేసిన ఎలక్ట్రానిక్ పాప్, వాళ్ల మొదటి ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న పాటల సంకలనం), ఐదు పాటలు. ఒక్కో పాట విన్నవాళ్లు నాలుగైదు వందల మందే. మూడో పాటలో చివరి పల్లవికి ముందు డ్రమ్స్ ఆగిపోయి, పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. అక్కడికి రాగానే ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తున్నాయి. ఇంత తక్కువ మంది విన్నారంటే, అందులో ఏమీ లేకపోయినా నేనే మురిసిపోతున్నానా? వాళ్లకు ఉత్తరం రాయాలనుంది, అతిగా ఉంటుందేమోనని టెన్షన్. లింకు పంపుతున్నాను, మీరూ వినండి.

జవాబు: రాయండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతా విషయాల్లోకి వెళతాను.

మీరు పంపిన ఈపీని నాలుగు రోజుల్లో ఆరుసార్లు విన్నాను. మొదటిసారి ఫోన్ స్పీకర్లో విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, పాటలు పలుచగా అనిపించాయి. తప్పు పాటలది కాదు. డ్రమ్ మెషిన్ కిక్‌కి, అంటే ఆ బరువైన డ్రమ్ దెబ్బకి, అసలు బలం 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్లోని చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. అందుకే ఇలాంటి సంగీతాన్ని ఫోన్లో విని కొట్టిపారేయొద్దని ఎప్పుడూ చెబుతుంటాను. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మీరు ఎక్కడ ఆగిపోయారో నేనూ అక్కడే ఆగిపోయాను.

ఎందుకో చెబుతాను. ఆ పాట మొదటినుంచీ వెనక ఒక సింథ్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం) స్వరం పరుచుకుని ఉంటుంది. కిక్ పడ్డప్పుడల్లా ఆ స్వరం కాస్త తగ్గి, మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని సైడ్‌చెయిన్ కంప్రెషన్ అంటారు. కిక్ శబ్దం వచ్చిన క్షణంలో మిగతావాటి వాల్యూమ్ తగ్గేలా ముడిపెట్టడం అన్నమాట. డాన్స్ సంగీతంలో అందరూ వాడేదే. వినేవాళ్లకు మాత్రం సింథ్ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. మీరు చెప్పిన చోట డ్రమ్స్ ఆగగానే సింథ్ ఊగడం కూడా ఆగిపోతుంది. మూడు నిమిషాలుగా యంత్రం తీస్తున్న ఊపిరి నిలిచిపోయిన ఆ చోట మనిషి ఊపిరి వినిపిస్తుంది. మామూలుగా ఊపిరి శబ్దాలను ఎడిటింగ్‌లో తగ్గించేస్తారు, లేదా తీసేస్తారు. వీళ్లు ఉంచారు. పైగా దాని చుట్టూ చోటు ఖాళీ చేసి మరీ ఉంచారు. 20 ఏళ్లకు పైగా రికార్డింగుల్లో కీబోర్డు వాయించినవాణ్ని. ఇది పొరపాటున జరిగే పని కాదని ఖాయంగా చెప్పగలను.

నాలుగో పాట నాకు నచ్చలేదు. గొంతు మీద ఎకో ఎక్కువైపోయి మాటలు మునిగిపోయాయి. సింథ్ వరసలు మూడు ఒకేచోట ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రెండు తీసేస్తే మంచి పాట. ఇలా లోపం కూడా రాస్తున్నాను కాబట్టి ముందు వాళ్లకే చెప్పడం మర్యాద అనిపించింది. అందుకే ఈ సంచికలో వాళ్ల పేరు వేయలేదు. జవాబు వచ్చాక వేస్తాను.

ఇక ఉత్తరం సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక అన్నాచెల్లెళ్లు సొంతంగా చేసుకున్న నాలుగు పాటల సీడీ నా చేతికి వచ్చింది. రెండో పాట నెలరోజులు నన్ను వదల్లేదు. అట్ట మీద చిరునామా ఉంది. రేపు రాద్దాం, ఈ రికార్డింగ్ అయ్యాక రాద్దాం అనుకుంటూ ఏడాదిన్నర గడిపాను. చివరికి రాస్తే అన్న దగ్గర్నుంచి జవాబు వచ్చింది. కీబోర్డు అమ్మేశాం అన్నాడు. మీకు నచ్చిన ఆ పాట ఈపీలో ఉండాలా వద్దా అని మేమిద్దరం చాలా గొడవపడ్డాం, ఉండాలన్నది చెల్లెలే, మీ ఉత్తరం తనకు చదివి వినిపించాను అని రాశాడు. ఆ ఇద్దరూ మళ్లీ పాట చేయలేదు. నేను అప్పుడే రాసి ఉంటే చేసేవాళ్లని అనను. అయినా అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కాబట్టి ఈ వారమే రాయండి. 'సూపర్, అదిరిపోయింది' అని కాదు, నాకు రాసిందే రాయండి. ఏ పాటలో, ఏ చోట, మీకేమైందో. ఐదు వాక్యాలు చాలు. ఐదు వందల మంది విన్నారన్న అంకె వాళ్లకూ కనబడుతూనే ఉంటుంది. ఆ ఊపిరిని ఒకరు గమనించారని ఆ అంకె చెప్పదు.

ప్రశ్న: మీరు ఈ ఎలక్ట్రానిక్ పాప్‌ని ఇంతగా మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. కంప్యూటర్ వాయిస్తుంది, మనిషి బటన్ నొక్కుతాడు. ఇందులో సాధన ఎక్కడుంది?

జవాబు: ఈ సంగీతానికి దారి చూపిన పాటల్లో ఒకటి 1977లో జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ చేయగా డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్'. దాదాపు అంతా మూగ్ సింథసైజర్ మీదే చేశారు. ఆ యంత్రం కాసేపటికే శ్రుతి తప్పేది. చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి, ఆపి, మళ్లీ శ్రుతి చేసుకుని ముందుకెళ్లారు. కిక్ డ్రమ్ మాత్రం యంత్రంతో సరిగ్గా రాలేదు. కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కూర్చుని, పాట పొడుగునా ఆ ఒక్క దెబ్బా తడబడకుండా వాయించాడు. దాన్ని సాధన కాదంటే నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు యంత్రాలు అంతగా శ్రుతి తప్పవు, నిజమే. కష్టం వేరే చోటికి మారింది. వేల శబ్దాలు చేతిలో ఉన్నప్పుడు ఏది వద్దో తేల్చుకోవడమే పని. 1980లో వచ్చిన రోలండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ శబ్దాలు అసలు డ్రమ్స్‌లా లేవని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. దాని తయారీ మూడేళ్లకే ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే కుర్రవాళ్లు కొనుక్కుని, అందులో తమకు కావలసింది విన్నారు. ఈ రోజు ఆ శబ్దం లేని పాప్ సంగీతాన్ని ఊహించుకోలేం. పై ఉత్తరంలోని మూడో పాట వంటిది ఒక్కసారి హెడ్‌ఫోన్స్‌లో, కళ్లు మూసుకుని వినండి. అప్పటికీ నచ్చకపోతే మళ్లీ అడగను.

ప్రశ్న: కొత్తవాళ్ల పాటను స్ట్రీమింగ్‌లో పదే పదే వింటే వాళ్లకు డబ్బు వెళ్తుందా?

జవాబు: చాలా తక్కువ, ఒక్కోసారి ఏమీ వెళ్లదు. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. 30 సెకన్లలోపు ఆపేస్తే ఆ ప్లే లెక్కలోకే రాదు. కాబట్టి నచ్చితే కొనండి. పాటలు చేసినవాళ్లే నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకం మీద ఆ సైటువాళ్లు 15 శాతం తీసుకుంటారు. చెల్లింపు ఖర్చులు పోను మిగతాది చేసినవాళ్లకే. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటున్నారు. ఒక్క ఈపీ కొంటే, వందల సార్లు స్ట్రీమ్ చేసినదానికన్నా వాళ్లకు ఎక్కువ ముడుతుంది.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. నేనూ, వేరే ఊళ్లో ఉన్న నా స్నేహితుడూ కలిసి పాటలు చేస్తున్నాం. పన్నెండు అయ్యాయి. అన్నీ ఆల్బమ్‌గా వదలమంటారా? ఒకేచోట లేకపోవడం లోటా?

జవాబు: లోటు కాదు. ది పోస్టల్ సర్వీస్ అనే జంట వేర్వేరు నగరాల్లో ఉంటూ, రికార్డింగులు పోస్టులో పంపించుకుని 2003లో తమ మొదటి ఆల్బమ్ తెచ్చింది. ఆ పేరు పెట్టుకున్నదీ అందుకే. మీకు ఇంటర్నెట్ ఉంది.

పన్నెండూ వద్దమ్మా. ఇద్దరూ విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా తలా ఐదు పాటలు ఎంచుకుని రాసుకోండి. రెండు చీటీల్లోనూ ఉన్నవాటితో ఈపీ చేయండి. మూడే కలిస్తే మూడే. ఒక్క చీటీలోనే ఉండి, దానికోసం మీలో ఒకరు గట్టిగా పట్టుబట్టే పాట ఏదైనా ఉంటే దాన్ని కూడా చేర్చండి. వదిలాక లింకు నాకు పంపు, వింటాను.