రెంటల్ ఇల్లు కొనేముందు లెక్క మీరే వేసుకోండి

అమెరికా వచ్చి నాలుగైదేళ్ళయి, ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ చేతిలో నాలుగు డబ్బులు కూడిన పిల్లలు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు, అన్నా అద్దెకివ్వడానికి ఒక రెంటల్ ఇల్లు కొందామనుకుంటున్నాం, అద్దెతోనే ఇంటి లోన్ కిస్తీ, అదే మార్ట్‌గేజ్ వెళ్ళిపోద్దంట, తీసుకోమంటారా అని. నేను డల్లాస్ పక్కన 19 ఏళ్ళుగా ఉంటున్నా. రెండు రెంటల్స్ ఉన్నాయి, మూడోది కొన్న నాలుగేళ్ళకి నష్టానికి అమ్ముకున్నా. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే మేలని కూర్చున్నా, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "వెళ్ళిపోద్ది" సంగతి చూద్దాం. ఇల్లు 3.5 లక్షల డాలర్లు, అద్దె 2,300 అనుకోండి. 25 శాతం డౌన్ పేమెంట్ కట్టి మిగతా 2,62,500 ముప్ఫై ఏళ్ళకి 7 శాతం వడ్డీ మీద తీసుకుంటే, అసలూ వడ్డీ కలిపి నెలకి 1,746 కట్టాలి. 2,300 లోంచి అది తీసేస్తే 550 పైన మిగులుతోంది కదా, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. మిగతావి కూడా వేయండి. ప్రాపర్టీ ట్యాక్స్ 2.2 శాతం చొప్పున నెలకి 642, ఇన్సూరెన్స్ 200, కాలనీ అసోసియేషన్‌కి కట్టే హెచ్‌ఓఏ 50, ప్రాపర్టీ మేనేజర్‌కి అద్దెలో 8 శాతం అంటే 184, ఏడాదిలో ఒక నెల ఖాళీ పడుద్దనుకుంటే దానికి నెలకి 192, రిపేర్లకీ ఏసీ, రూఫ్ లాంటి పెద్ద ఖర్చులకీ ఏడాదికి ఇంటి ధరలో 1 శాతం పక్కన పెడితే 292. మొత్తం 3,306. అంటే నెలనెలా మీ జీతంలోంచి వెయ్యి డాలర్లు ఎదురు పెట్టాలి.

ఇంకోరకంగా చూడండి. లోన్ సంగతి పక్కన పెట్టి అద్దెలోంచి ఖర్చులన్నీ తీసేస్తే నెలకి 740, ఏడాదికి 8,880 మిగులుతుంది. 3.5 లక్షల మీద అది 2.5 శాతం, దీన్నే క్యాప్ రేట్ అంటారు. 2.5 శాతం వచ్చేదాని కోసం 7 శాతానికి అప్పు తెస్తున్నాం. ఇలాంటి డీల్లో ధర పెరగడం తప్ప ఇంకో ఆశ లేదు. పెరగొచ్చు, కాదనను, కానీ పెరిగేదాకా నెలకి వెయ్యి పెట్టగలరా, ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం పోయినా పెట్టగలరా, ఆ మాట భార్యాభర్తలు కూర్చుని ముందే తేల్చుకోవాలి. 2021లో కొన్నవాళ్ళు చెప్పే సలహా మాత్రం మీ లెక్కలోకి తీసుకోకండి. అప్పట్లో వడ్డీ 3 శాతం చుట్టుపక్కల ఉండేది, అదే లోన్‌కి 3 శాతమైతే నెలకి 1,107 మాత్రమే. వాళ్ళేం అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ రోజులు వేరు.

అన్నిట్లోకీ నన్ను బాగా దెబ్బ కొట్టింది ప్రాపర్టీ ట్యాక్స్. ఆ మూడో ఇల్లు ఒక పెద్దాయన, ఆయన భార్య ఇరవై ఏళ్ళకి పైగా ఉన్న ఇల్లు, చాలా శుభ్రంగా ఉంచుకున్నారు, లిస్టింగ్‌లో ట్యాక్స్ ఏడాదికి 4,100 అని ఉంది, నేను ఎక్సెల్ షీట్లో అదే వేసేశా. టెక్సాస్‌లో సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అని పన్ను మినహాయింపు ఉంటుంది, ట్యాక్స్ వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు, 65 దాటినవాళ్ళకైతే స్కూల్ ట్యాక్స్ ఆ మొత్తం దగ్గరే ఆగిపోతుంది, ఇంక పెరగదు. ఇవన్నీ వాళ్ళతోపాటే వెళ్ళిపోతాయని నాకు తెలీదు. మరుసటి ఏడాది బిల్లు 8,300 వచ్చింది. తర్వాత మార్ట్‌గేజ్ కంపెనీ నుంచి ఎస్క్రో అనాలసిస్ (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా వాళ్ళు మన దగ్గర తీసుకునే డబ్బు లెక్క) అని కవరొచ్చింది, కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడే చించి చూశా, నెల పేమెంట్ ఒకేసారి 700 పెరిగింది. తప్పుగా ప్రింటయిందేమో అనుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. పెరిగిన ట్యాక్స్‌కి నెలకి 350, పోయిన ఏడాది తక్కువ పడ్డ 4,200 పన్నెండు నెలలకి పంచితే ఇంకో 350, ఆ అమ్మాయి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. నేనేమో అద్దె 50 డాలర్లు పెంచితే ఉన్న ఫ్యామిలీ వెళ్ళిపోతారేమో అని భయపడుతున్న రోజులవి.

అందుకే చెప్తున్నా, అమ్మేవాళ్ళు కట్టే ట్యాక్స్ మీ ట్యాక్స్ కాదు. ఇళ్ళకి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఆ ఇంటి మీద ఏయే ఎగ్జెంప్షన్లు ఉన్నాయో, రేటెంతో కనిపిస్తుంది, మీరు కొనబోయే ధర మీద ఎగ్జెంప్షన్ లేకుండా రేటు వేసి చూసుకోండి. కొత్త ఇళ్ళల్లో ఇది ఇంకా మోసం, మొదటి ఏడాది బిల్లు చాలాసార్లు ఖాళీ స్థలం మీదే వేసి ఉంటుంది, పైగా కొన్ని కమ్యూనిటీల్లో నీళ్ళు, డ్రైనేజీ లాంటి వసతుల కోసం మడ్ ట్యాక్స్ అని విడిగా ఉంటుంది. కాలిఫోర్నియాలో కూడా అంతే, 1978 నాటి ప్రపొజిషన్ 13 వల్ల పాత ఓనర్ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు, ఇల్లు చేతులు మారగానే మళ్ళీ కొత్త ధర మీద వేస్తారు.

కొత్త కమ్యూనిటీల గురించి ఇంకో మాట. మనవాళ్ళు గ్రూపుగా వెళ్ళి ఒకే బిల్డర్ దగ్గర ఒకే ఫేజ్‌లో పదేసి ఇళ్ళు కొంటారు, అన్నీ ఒకే నెలలో చేతికొస్తాయి, అన్నీ ఒకేసారి అద్దెకి పెడతారు. ఒకే వీధిలో ఒకే ఫ్లోర్ ప్లాన్ ఏడు ఇళ్ళు ఖాళీగా ఉంటే అద్దెకొచ్చేవాళ్ళు ఏం చేస్తారు, తక్కువకిచ్చే ఇంట్లో దిగుతారు. బిల్డర్‌తో సంతకం పెట్టేముందు ఒక సాయంత్రం ఆ వీధుల్లో కారేసుకుని తిరగండి, జిల్లో వెబ్‌సైట్‌లో ఆ సబ్‌డివిజన్‌లో ఎన్ని అద్దెకున్నాయో, ఎన్ని రోజులుగా ఉన్నాయో చూడండి. అడిగిన అద్దె కాదు, కుదిరిన అద్దె కావాలి మనకి, అది మీ ఏజెంట్ వాళ్ళ లిస్టింగుల డేటాబేస్ అయిన ఎంఎల్ఎస్‌లో తీసిస్తారు. హెచ్‌ఓఏ రూల్స్ కూడా తెప్పించుకోండి, కొన్నిచోట్ల మొదటి ఏడాది అద్దెకివ్వకూడదని ఉంటుంది. స్కూళ్ళని బట్టి ఫ్యామిలీలు వేసవిలో మారతారు, నవంబర్‌లో ఖాళీ అయిన ఇల్లు నిండాలంటే కష్టం, అందుకే లీజ్ జూన్, జూలైలో ముగిసేలా రాసుకోండి.

ఇన్‌స్పెక్షన్ దగ్గర నాలుగొందలు మిగుల్చుకోవాలని చూడకండి. టెక్సాస్‌లో ఆప్షన్ పీరియడ్ అని కొద్ది రోజులుంటాయి, ఆ లోపు ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, ఆప్షన్ ఫీజు పోతుంది గానీ ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కొస్తుంది. ఆ రోజుల్లోనే డ్రైన్ పైపులో కెమెరా వేయించండి. మా రెండో ఇంటికి వేయిస్తే పెరట్లో ప్లంబర్ చేతిలో ఉన్న చిన్న స్క్రీన్ మీద చెట్టు వేళ్ళు జడ పాయల్లా అల్లుకుని కనిపించాయి, పైకి చూస్తే పచ్చటి గడ్డి. ఆ ఒక్క వీడియో చూపించి ధర తగ్గించుకున్నాం. ఇన్సూరెన్స్ కోట్ కూడా అప్పుడే తీసుకోండి, రూఫ్ పాతదైతే పూర్తి డబ్బులిస్తారా, అరుగుదల తీసేసి ఇస్తారా అడగండి. వడగళ్ళకి డిడక్టిబుల్ శాతాల్లో ఉంటుంది, 3 లక్షల కవరేజీకి 2 శాతం అంటే మొదటి 6,000 మీరే పెట్టుకోవాలి.

సొంతానికని చెప్పి 5 శాతం డౌన్‌తో కొని, తాళాలు చేతికి రాగానే అద్దెకి పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. వద్దు, దయచేసి ఆ పని చేయకండి. 60 రోజుల్లో చేరి కనీసం ఏడాది ఉంటామని లోన్ కాగితాల మీద మీరు సంతకం పెడతారు, అందులో అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం, వీసా మీద ఉన్నవాళ్ళకి అది ఇల్లు పోవడంతో ఆగదు. అలాగే హెచ్‌వన్‌బీ మీద ఇల్లు కొనొచ్చు, అద్దె తీసుకోవచ్చు, కానీ రోజువారీ పనులు మీరే ఒక ఉద్యోగంలా చేసుకుంటే ఇబ్బంది రావచ్చు, మేనేజర్‌కి అప్పగించి ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి కనుక్కోండి. అద్దె ప్రకటనలో "ఇండియన్ ఫ్యామిలీస్ ఓన్లీ" అని రాయకండి, 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అది నేరుగా తప్పు.

ట్యాక్స్ కలిసొస్తుందని కొనేవాళ్ళకి ఒక మాట. స్థలం విలువ తీసేసి ఇంటి విలువని 27.5 ఏళ్ళకి డిప్రిసియేషన్ (అరుగుదల ఖర్చు) వేసుకోవచ్చు, నిజమే. కానీ ఆ నష్టాన్ని జీతం మీద తగ్గించుకోవడం ఆదాయం లక్ష దాటిన దగ్గర్నుంచి తగ్గుతూ 1.5 లక్షలకి మామూలుగా పూర్తిగా ఆగిపోతుంది, ఇద్దరూ ఐటీలో ఉంటే అది దాటిపోయే ఉంటారు. నష్టం ముందుకెళ్తుంది, అమ్మినప్పుడు పనికొస్తుంది, ఈ ఏడాది రీఫండ్ మాత్రం పెరగదు.

చివరిగా, ఇండియా వెళ్ళిపోదామని మనసులో ఉన్నవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి. నాన్ రెసిడెంట్ అయ్యాక ఆ ఇల్లు అమ్మితే ఫిర్ప్టా (విదేశీయులు అమెరికాలో ఆస్తి అమ్మితే ట్యాక్స్ ముందే పట్టుకునే చట్టం) కింద మామూలుగా కొనేవాళ్ళు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్‌కి కట్టేస్తారు, లాభం మీద కాదు, మొత్తం ధర మీద, నష్టానికి అమ్మినా సరే. 3.5 లక్షలకి 52,500. రిటర్న్ వేస్తే ఎక్కువైంది వెనక్కొస్తుంది గానీ అప్పటిదాకా ఆగాలి. వెళ్ళేముందే అమ్మేస్తే ఈ బాధ లేదు, వెళ్ళాక అమ్మాల్సొస్తే క్లోజింగ్ తేదీ దాటకుండా సీపీఏ (ట్యాక్స్ అకౌంటెంట్) చేత, పట్టుకునేది తగ్గించమని అడిగే 8288-బీ ఫారం పంపించుకోండి.