చెంబు మీద ఆ నలుపు ఏమిటి?

ప్రశ్న: రాగి చెంబులో నీళ్ళు కాస్తే అడుగు నల్లబడుతోంది. సబ్బుకి పోని నలుపు చింతపండు రాయగానే పోతోంది. అది విషమా? కాపర్ ఆక్సైడ్ అని, చాలా వాటికి వాడతారని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా, కాకపోతే ముందు వేలితో రుద్ది చూడండి. వేలికి అంటితే అది ఉత్త పొయ్యి మసి. అంటకుండా లోహాన్నే కరుచుకుని ఉంటే ఆక్సైడ్. వేడెక్కిన రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ అవుతుంది, దాని పైపొర ఇంకాస్త ఆక్సిజన్ పట్టి నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్ అవుతుంది. బాగా కాల్చిన రాగిరేకు చల్లారాక ఆ నల్లపొర పెచ్చులూడితే కింద ఎరుపు బయటపడుతుంది. పచ్చగా పట్టే చిలుము మాత్రం వేరు, అందులో ఎక్కువగా ఉండేది కార్బొనేట్.

ఈ రెండు ఆక్సైడ్లూ నీళ్ళలో కరగవు, సబ్బుకి లొంగవు, పులుపు దగ్గర మాత్రం వాటి పప్పులుడకవు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వాటిని రాగి లవణంగా మార్చేస్తుంది, అది కాస్తా నీళ్ళతో కొట్టుకుపోతుంది. ఉత్త నీళ్ళు కాచుకుంటే భయం లేదు గానీ, తోముతున్నప్పుడు జరిగేదే చారు కాచినప్పుడూ జరుగుతుంది కదా, ఆ రాగి ఎక్కువగా కడుపులోకి పోతే వికారం, వాంతులు తప్పవు. పెద్దవాళ్ళు వంటగిన్నెలకు కళాయి పూయించింది ఊరికే కాదు. మజ్జిగ, పులుసు మీ రాగి చెంబులో పెట్టకండి.

ఇక ఉపయోగాలంటారా, ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో ఎర్ర ఆక్సైడ్‌ది పెద్ద పీట. అందులోంచి రాగి కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతూ గుల్లల పిల్లల్ని అతుక్కోనివ్వదు, రేవు నీళ్ళలో రాగి పేరుకుంటోందన్న గొడవ కూడా దానితోనే వచ్చింది. నల్లది గాజుకీ, పింగాణీకీ పచ్చ, నీలి ఛాయలిస్తుంది. బాణసంచాలో నీలం రంగుకీ వాడతారు, క్లోరిన్ ఇచ్చే పదార్థం తోడుంటేనే ఆ నీలం వస్తుంది, మంట మరీ వేడెక్కితే పాలిపోతుంది. అన్నట్టు, స్ట్రిప్పులు రాని రోజుల్లో షుగర్ ఉందో లేదో చూడడానికి మూత్రాన్ని నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాచేవారు, చక్కెర బాగా ఉంటే పరీక్షనాళిక అడుగున ఇటుక రంగులో మడ్డి దిగేది, ఆ మడ్డి ఈ ఎర్ర ఆక్సైడే.