భర్త తెల్లకణాలు ఎక్కిస్తే గర్భం నిలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 30. మూడుసార్లు మూడో నెల నిండకుండానే గర్భం పోయింది. నా శరీరం బిడ్డను పరాయిదిగా చూస్తోందని, మావారి రక్తంలోని తెల్లకణాలు నాకు ఎక్కించాలని నగరంలో ఒక ఆసుపత్రివారు చెప్పారు. మా అత్తగారు వెంటనే చేయించుకోమంటున్నారు. ఇది క్షేమమేనా?
– ఒక సోదరి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, దయచేసి ఆ చికిత్సకు ఒప్పుకోకండి. తండ్రి కణాలను ముందుగా అలవాటు చేస్తే తల్లి శరీరం పిండాన్ని తిప్పికొట్టదన్న ఊహతో దశాబ్దాల కిందట మొదలైన ఈ పద్ధతి పరీక్షకు నిలవలేదు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలో, కణాలు ఎక్కించుకున్నవారిలో 36 శాతం మందికి 28 వారాలు దాటి గర్భం నిలవగా, ఉత్త సెలైన్ ఇచ్చినవారిలో 48 శాతం మందికి నిలిచింది. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అనుమతి పొందిన పరిశోధనల్లో తప్ప దీన్ని వాడరాదని ఆపించింది.

భర్త రక్తమే కదా అన్న ధీమా వద్దు. హెపటైటిస్, హెచ్‌ఐవీ వంటివి సోకే ప్రమాదం ఇందులోనూ ఉంటుంది. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి: ఆయన ఎర్రకణాలకు, ప్లేట్‌లెట్లకు వ్యతిరేకంగా మీలో యాంటీబాడీలు పుడితే, అవి తర్వాతి గర్భంలో మాయను దాటి బిడ్డకు రక్తహీనత, కామెర్లు, రక్తస్రావం తెచ్చిపెట్టవచ్చు, మీ రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగటివ్ అయితే మరీ జాగ్రత్త. ఇదే కారణం చెప్పి కొందరు ఎక్కించే ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు ద్రావణం డ్రిప్పుకు కూడా తగిన ఆధారం లేదు.

నిరోధకశక్తి వల్ల గర్భం పోవడమన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే స్థితిలో రక్తం గడ్డకట్టి గర్భాలు పోతాయి, దానికి నిర్ధారిత చికిత్స ఉంది. అయితే ఆ రక్తపరీక్షలు కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పాజిటివ్ రావాలి. అప్పుడు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. హెపారిన్ మాయను దాటదు కనుక బిడ్డను చేరదు. థైరాయిడ్, షుగరు, గర్భాశయ ఆకారం కూడా చూపించుకోండి. ఈ పరీక్షల గురించి బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగవచ్చు. పాత స్కానింగ్ కాగితాలన్నీ పట్టుకుని, మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

తొలి నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లనే పోతాయి, అందులో మీ తప్పేమీ లేదని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. పరీక్షలన్నీ సరిగా ఉన్నాయని తేలినా నిరాశపడకండి, మీ వయసువారిలో సగానికి పైగా మందికి ఏ ప్రత్యేక చికిత్సా లేకుండానే తర్వాతి కాన్పు నిలుస్తుంది. ఈసారి నెల తప్పగానే డాక్టరును కలవండి. రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, ఎందుకంటే లోగడ గర్భాలు పోయినవారికి ఆ దశలో గర్భం నిలవడానికి తోడ్పడే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మందు ఉపయోగపడవచ్చు.