నెలకు 3,000 కోచ్‌కి కట్టాలా? పాలకొల్లు టీచరు గారి ప్రశ్న

ప్రశ్న: మాది పాలకొల్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 22,000. మావారికి రొయ్యల మేత, మందుల షాపు ఉంది. చెరువులు పట్టుబడయ్యాకే, అంటే రైతులు రొయ్యలు పట్టి అమ్ముకున్నాకే బాకీలు వసూలవుతాయి. ఏడాది మొత్తం చూసుకుంటే నెలకు 30,000 దాకా మిగులుతుంది. ఆయనకు 46 ఏళ్లు. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు, 6.2 వచ్చింది. మా మామగారికి షుగరు వల్లే కిడ్నీలు పాడై, నాలుగేళ్లు డయాలసిస్ చేయించుకుని పోయారు. ఆ రోజులు మళ్లీ చూడలేను. ఆన్‌లైన్‌లో ఒక వెల్‌నెస్ కోచింగ్ ప్యాకేజీ చూశాను. ఏడాదికి 36,000. నెలకు 3,000 చొప్పున వడ్డీ లేని ఈఎంఐ అన్నారు, పన్ను మినహాయింపు కూడా వస్తుందన్నారు. 999 కట్టి సీటు బుక్ చేశాను. మిగతా డబ్బు కోసం ఈసారి హెల్త్ ఇన్సూరెన్స్ ఆపేద్దామనుకుంటున్నాను. పోయినేడు 24,780 కట్టాం, ఒక్కసారి కూడా వాడలేదు. ఈ నెల 18తో గడువు అయిపోతుంది. ఆపొచ్చా?

జవాబు: టీచరు గారూ, ఆపకండి. అందులోనూ ఈ ఏడాది అస్సలు ఆపకండి.

మీవారికి 6.2 రాకముందు తీసుకున్న పాలసీ అది. దాన్ని వదిలేసి ఏడాదో రెండేళ్లో పోయాక కొత్తది తీసుకుందామంటే, ప్రపోజల్ ఫారంలో ఈ రిపోర్టు సంగతి రాయాల్సిందే. రాస్తే షుగరుకు సంబంధించిన చికిత్సలకు 36 నెలల దాకా క్లెయిము ఇవ్వని వెయిటింగ్ కాలం పెట్టొచ్చు, ప్రీమియం పెంచొచ్చు, అసలు పాలసీయే ఇవ్వం అని కూడా అనొచ్చు. రాయకుండా దాస్తే, ఆసుపత్రిలో మంచం మీద ఉండగా క్లెయిము కొట్టేస్తారు. మీ పాలసీలో ఇన్నేళ్లుగా గడిచిన వెయిటింగ్ కాలం మీరు సంపాదించుకున్న ఆస్తి. 18వ తేదీ దాటినా ప్రీమియం కట్టుకోవడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది గానీ, దాని మీద ఆధారపడకండి. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీల్లో ఆ గ్రేస్ రోజుల్లో జబ్బు చేస్తే కవరేజీ ఉండదు.

పోయినేటి రసీదు ఒకసారి తీసి చూడండి. 24,780లో అసలు ప్రీమియం 21,000, మిగతా 3,780 జీఎస్టీ అయి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై ఆ 18 శాతం తీసేశారు. కంపెనీ అసలు ప్రీమియం పెంచకపోతే ఆ 3,780 మీ చేతిలోనే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కింద చెబుతాను. పాలసీ కాగితాల్లో ఏడాదికోసారి ఉచిత హెల్త్ చెకప్ ఉందేమో కూడా వెతకండి. చాలా పాలసీల్లో ఉంటుంది, వాడుకునేవాళ్లే తక్కువ.

పన్ను మినహాయింపు మాట పట్టించుకోకండి. ఆదాయపు పన్నులో ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 దాకా చూపించుకోవచ్చు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కోచ్ ఫీజు అందులోకి రాదు. పైగా మీ ఇద్దరి ఆదాయానికి కొత్త విధానంలో పన్నే పడదు.

ఇక ఈఎంఐ. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. నెలకు 3,000 మీరు కోచ్‌కి కడుతున్నాననుకుంటారు. సాధారణంగా ఇలాంటి ప్యాకేజీల్లో జరిగేది వేరు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు రాసి, ఆ డబ్బు మొదటి రోజే కోచింగ్ వాళ్లకు ఇచ్చేస్తుంది. మీరు తీర్చేది ఆ అప్పు. మూడో నెలలో కోచ్ ఫోన్ ఎత్తడం మానేసినా, మీవారికి విసుగొచ్చి మానేసినా, కంతులు పన్నెండూ కట్టాల్సిందే. ఆపితే సిబిల్ స్కోరు, అంటే అప్పిచ్చే ముందు బ్యాంకులు చూసే మార్కు, దెబ్బతింటుంది. రేపు షాపులో సరుకుకి బ్యాంకు లోను కావాలన్నప్పుడు అదే అడ్డం పడుతుంది. మా తమ్ముడు ఇలాగే ఒక ప్యాకేజీ తీసుకుని రెండో నెలలో ఆపేశాడు, మిగతా పది నెలలూ కంతు కడుతూనే ఉన్నాడు. కట్టిన ప్రతిసారీ వాడి ముఖం చూసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఇంటికి ఇంకో చిక్కు ఉంది. మీవారి డబ్బు పట్టుబడిని బట్టి వస్తుంది. చెరువులో రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు తగిలి రైతు చేతులెత్తేస్తే ఆ నెల షాపు గల్లా ఖాళీ. కంతు మాత్రం తేదీ తప్పదు, మీ జీతంలోంచే పోతుంది.

999 కట్టేటప్పుడు పాన్, ఆధార్ అడిగి, బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా కోసుకునే మ్యాండేట్‌కి ఓటీపీ చెప్పించుకున్నారా? చెప్పించుకుని ఉంటే ఈరోజే చూడండి. అప్పు ఇంకా రాసుకోకపోతే, వద్దని మెయిల్‌లో రాసి పంపి, బ్యాంకులో మ్యాండేట్ రద్దు చేయించండి. రాసేసి ఉంటే అప్పు షరతులన్నీ ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది ఇచ్చి తీరాలి, అందులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకోవడానికి ఇచ్చే గడువు, ఉంటుంది. కనీసం ఒక్క రోజైనా ఉండాలి. ఆ గడువులోపల అసలు, ఆ రోజులకు లెక్కగట్టిన చార్జీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. 999 పోతే పోనివ్వండి.

ఇంత చెప్పానని కోచింగే దండగ అనుకోకండి. మీ భయంలో న్యాయం ఉంది, మీ ఆలోచన సరైనదే. 5.7 నుంచి 6.4 దాకా షుగరుకు ముందు దశ అంటారు, వెనక్కి తిప్పడానికి వీలున్న దశ అది. చెన్నై డాక్టర్లు ఇలాంటివాళ్లతో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. మన దక్షిణాదిలోనే చేసిన ఇంకో అధ్యయనం 2013లో వచ్చింది. పనిచేసుకునే మగవాళ్ల ఫోన్లకు తరచూ మెసేజీలు పంపారంతే, నడవండి, తిండి చూసుకోండి అని. రెండేళ్లలో మామూలు సలహా విన్నవాళ్లలో 27 శాతం మందికి షుగరొస్తే, మెసేజీలు అందినవాళ్లలో 18 శాతం మందికే వచ్చింది.

ఈ రెండో సంగతే మీకు ముఖ్యం. కోచ్ దగ్గర మీరు కొనుక్కునేది రెండు వస్తువులు. ఏం చేయాలో చెప్పే విద్య ఒకటి, చేశావా అని విడవకుండా అడిగే మనిషి ఒకటి. విద్యకు డబ్బు పెట్టండి, అది ఏడాదిలో నాలుగైదు సార్లు చాలు. అడిగే మనిషికి 36,000 అక్కర్లేదు.

నేనైతే ఇలా వేస్తాను. మీ ఊరి ధరలు అడిగి దిద్దుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, సారికి 500 చొప్పున 2,000. కిడ్నీ, కొలెస్ట్రాల్ పరీక్షలు ఏడాదికోసారి, 2,000. పాలసీలో ఉచిత చెకప్ ఉంటే ఇదీ మిగులుతుంది. డాక్టరు గారి దగ్గరికి మూడు సార్లు, 1,500. చదువుకున్న డైటీషియన్ దగ్గర మొదటి కూర్చోవడానికి 1,000, తర్వాత మూడు సార్లకు 1,500. బీపీ మిషను 2,000, బరువు చూసుకునే మిషను 1,200, నడకకు ఇద్దరికీ బూట్లు 4,000. మొత్తం 15,200. జీఎస్టీలో మిగిలిన 3,780 ఇందులో వేస్తే ఇంక కావలసింది 11,420, అంటే నెలకు వెయ్యి కూడా కాదు. దాన్ని నెలనెలా కట్టుకోనక్కర్లేదు. ఈసారి పట్టుబడి బాకీలు వసూలైనప్పుడు ఒకేసారి తీసి మీ పేరున వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టేయండి. షాపు ఖాతాలో వద్దు, మేత లోడు దిగితే అందులో కలిసిపోతుంది.

డైటీషియన్‌ని ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. మీ ఇంటి వంట అడగకుండా కినోవా, అవకాడో రాసిచ్చేవాళ్లయితే లేచి వచ్చేయండి. ఆ చీటీ ప్రకారం వండితే కిరాణా ఖర్చు ఫీజును మించిపోతుంది. మనవైపు కష్టమల్లా పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తిండిలో శక్తి 45 శాతానికి మించి బియ్యం, గోధుమ, చిరుధాన్యాల నుంచి రాకూడదంటుంది. మన పళ్లెంలో అన్నం కుప్ప తగ్గి పప్పు, చేప, ఆకుకూర పెరగాలన్నమాట. చేపలకు, ఆనపకాయకు మీ ఊళ్లో కొదవ లేదు. డబ్బా పొడులు అమ్మేవాళ్లు, మరో ఇద్దర్ని చేర్పించమనేవాళ్లు కోచ్‌లు కారు, వాళ్లది వ్యాపారం.

అడిగే మనిషి సంగతికొస్తే, మీ స్కూల్లో నలభై దాటిన టీచర్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో నలుగురి ఇళ్లలోనైనా ఈ బెంగ ఉండే ఉంటుంది. నాలుగు కుటుంబాలూ కలిసి ఆ డైటీషియన్‌ని నెలకో ఆదివారం రమ్మని, ఫీజు పంచుకోండి. అమెరికాలో షుగరు నివారణ కార్యక్రమం గుంపుగానే నడుస్తుంది. అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ 2018 నుంచి దానికి డబ్బు కడుతోంది కూడా. మన పాలసీలు సాధారణంగా అలా కట్టవు కాబట్టి మనమే పంచుకోవాలి. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, పొద్దున కాలవ గట్టు మీద నడిచొచ్చిన మగవాళ్లు ఒక్క ముక్క రాస్తే చాలు. రాయనివాణ్ణి మిగతా ముగ్గురూ ఫోన్ చేసి అడుగుతారు. ఇంట్లో అత్తగారు ఉంటే ఆవిడ బీపీ, మీ షుగరు కూడా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడ ఈ పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే రోజు చెబుతుంది.

ఒక్క సందర్భంలో నా లెక్క మారుతుంది. ఆరు నెలలు ఇలా చేశాక కూడా 6.2 తగ్గకపోయినా, పెరిగినా, డాక్టరు గారు చెప్పినట్టు మందులకు వెళ్లండి. అప్పుడు ఆ ఖాతాలో డబ్బు మందులకు వాడండి. జన్ ఔషధి షాపులో అదే మందు జెనెరిక్‌లో చాలా తక్కువకు వస్తుంది.

18వ తేదీ దాకా ఆగకండి, ప్రీమియం రేపే కట్టేసి రసీదు ఫోటో మీవారి ఫోన్‌కి కూడా పంపండి. మూడు నెలల తర్వాత వచ్చే హెచ్‌బీఏ1సీ అంకె నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.