ప్రార్థనలో వచ్చే పాడు ఆలోచనలు: పాపమా, జబ్బా?

ప్రశ్న: నా వయసు 24. ప్రార్థనకు మోకరిస్తే చాలు, పరిశుద్ధాత్మను దూషించే మాటలు మనసులో మెదులుతున్నాయి. వెంటనే క్షమాపణ అడుగుతాను. సరిగ్గా అడగలేదేమోనని మళ్లీ మొదలుపెడతాను. పది నిమిషాల ప్రార్థనకు గంటన్నర పడుతోంది. ఇది పతన స్వభావమనీ (మనిషిలో పుట్టుకతో ఉండే పాపపు గుణం), పాపాలు ఇంకా ఒప్పుకోమనీ మా సంఘపెద్ద అంటున్నారు. సైకాలజీ చదివే తమ్ముడు ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే చేయడం ఉండే మానసిక జబ్బు) అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: మీరు రాసిన లక్షణాలు ఓసీడీలో భక్తి విషయాల చుట్టూ తిరిగే రకాన్ని పోలి ఉన్నాయి. ఉత్తరం చూసి నిర్ధారించలేం, సైకియాట్రిస్టుకు చూపించుకోండి. తమ్ముడి మాట వింటే విశ్వాసం వదులుకున్నట్టేనని మాత్రం అనుకోకండి.

1978లో రాక్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు ఈ జబ్బు లేనివాళ్లను అడిగితే, దాదాపు 80 శాతం మంది తమకూ ఇష్టంలేని, రోత పుట్టించే ఆలోచనలు వస్తాయన్నారు. వాళ్లు వాటిని పట్టించుకోకుండా వదిలేస్తారు. ఓసీడీ ఉన్నవాళ్లు వాటిని చెరిపేయడానికి ఏదో ఒకటి చేస్తారు. కాసేపు భయం తగ్గుతుంది. ఆ ఊరట వల్లే మెదడు ఆ ఆలోచనను నిజమైన ప్రమాదంగా గుర్తుపెట్టుకుంటుంది. మీరు తిరిగి తిరిగి అడిగే క్షమాపణ చేస్తున్న పని అదే.

క్రైస్తవ బోధ కూడా ఆలోచన రావడాన్నీ, దానికి మనసారా ఒప్పుకోవడాన్నీ ఒకే గాటన కట్టదు. యేసు అన్ని విషయాల్లో మనలాగే శోధింపబడినా పాపం లేనివాడని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం చెబుతోంది. శోధన రావడమే పాపమైతే ఆ వాక్యం నిలవదు. పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదంటూ మిమ్మల్ని భయపెడుతున్న మత్తయి 12లోని హెచ్చరిక, కళ్లెదుట స్వస్థత జరిగినా అది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పనేనని తెగేసి చెప్పిన పరిసయ్యులకు వినిపించినది. మాట మెదలగానే వణికిపోయే మీకూ వాళ్లకూ పోలికే లేదు. పతన స్వభావం లేదని మేం అనం. కానీ ఓసీడీ ఉన్న మనిషిని పాపాలు ఇంకా ఒప్పుకోమనడం జబ్బును పెంచడమే. తర్వాత జెసూట్ అనే కథోలిక సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో, చెప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ ప్రాణం తీసుకోవాలన్నంత వరకు వెళ్లారు. గడిచిన పాపాలను ఇక ఒప్పుకోనని నిశ్చయించుకున్నాకే ఆ వేదన తీరింది.

దీనికి ఈఆర్‌పీ అనే చికిత్స ఉంది: భయపెట్టేదాన్ని మెల్లమెల్లగా ఎదుర్కొంటూ, దాన్ని చెరిపేసే పని చేయకుండా ఉండటం. సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు. భయపెట్టే సందర్భాలన్నీ రాసి, ఒక్కోదానికి భయాన్ని బట్టి 0 నుంచి 100 వరకు మార్కులు వేస్తారు. 30, 40 దగ్గర మొదలుపెడతారు. ఉదాహరణకు, భోజనం ముందు ప్రార్థన ఒక్కసారే చేసి, మధ్యలో చెడ్డమాట మెదిలినా సరిదిద్దకుండా ఆమెన్ అని అన్నం తినడం. భయం పెరుగుతుంది. ఏమీ చేయకుండా ఉంటే దానంతటదే దిగుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే: పైకి క్షమాపణ అడగడం మానేసి లోలోపల ‘యేసు రక్తమే జయం’ అనుకుంటారు. అదీ చెరిపేయడమే కాబట్టి గుణం కనిపించదు. విశ్వాసానికి విరుద్ధమైన పనులు చేయనక్కర్లేదు, ఆ సంగతి మొదటి రోజే థెరపిస్టుతో మాట్లాడుకోండి.

డాక్టరు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాస్తే, పూర్తి ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మూడో వారంలోనే లాభం లేదని సొంతంగా ఆపకండి. ఒకసారి విన్న పాపాన్ని రెండోసారి వినవద్దని సంఘపెద్ద గారిని అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా అబ్బాయికి ఈ జబ్బే ఉందన్నారు. “అమ్మా, నాకు రక్షణ (పాపాల నుంచి విడుదల) ఉందా?” అని రోజంతా అడుగుతాడు. ఉందని చెప్పడం తప్పా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొదటిసారి చెప్పడం తప్పు కాదు. ఆ తర్వాత ప్రతి జవాబూ జబ్బుకు మేతే. అయితే ఉన్నట్టుండి మాట్లాడటం మానేయకండి. బాబు స్థిమితంగా ఉన్నప్పుడు ముందే అనుకుని, అడిగినప్పుడు “భయంగా ఉందని తెలుసు నాన్నా, దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా” అనండి. మొదట్లో ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. పదోసారికి కరిగిపోయి చెప్పేశారంటే, పదిసార్లు అడగాలని నేర్చుకుంటాడు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఈ నియమాలన్నీ పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.