యాకోబు అని పేరు పెట్టడానికి సందేహం ఎందుకు?

“పుట్టబోయే బిడ్డకు యాకోబు అని పేరు పెట్టాలనుకుంటున్నాము, కానీ దానికి మోసగాడు అని అర్థమట, పెట్టవచ్చునా?” అని మీరు అడిగారు. నిస్సందేహంగా పెట్టవచ్చు. పుట్టినప్పటి నుండి ఆ పేరునే మోస్తున్నవాణ్ణి కనుక ఇంత ధీమాగా చెబుతున్నాను.

నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. ఒకసారి కార్యాలయంలో శిక్షణ తరగతి పెట్టి, ఎవరి పేరుకు ఏమి అర్థమో వారే చెప్పాలన్నారు. నా వంతు రాకముందే, పక్కన కూర్చున్న జేమ్స్ అనే సహోద్యోగి ఫోనులో వెదికి, “జాకబ్ అంటే మోసగాడట సార్, ఈ నెల లెక్కలు మరొకసారి చూసుకోండి” అని అందరికీ వినబడేలా చదివారు. నవ్వులు తగ్గేదాకా ఆగి, “మీదీ అదే పేరు కదండీ” అన్నాను. ఆయన నమ్మలేదు. తెలుగు బైబిలులోని యాకోబు పత్రికను, అంటే ఆ పేరుతో ఉన్న లేఖను, ఇంగ్లీషు బైబిలులో ఏమంటారో అదే ఫోనులో చూడమన్నాను. చూశారు, ఫోను బోర్లా పెట్టేశారు.

లాటినులోని యాకోబుస్ నోళ్లలో నలిగి జేమ్స్ అయింది. అందుకే ఇంగ్లండులో మొదటి జేమ్స్ పాలించిన 1603–1625 కాలాన్ని జాకోబియన్ యుగమనీ, 1688లో గద్దె దిగిన రెండవ జేమ్స్ పక్షం వహించినవారిని జాకోబైట్లనీ అంటారు. ఇంగ్లీషు దాచిన ఈ చుట్టరికాన్ని మన బైబిలు అనువాదకులు ఇంగ్లీషులో జాకబ్ అనే పితరునికీ (ఇశ్రాయేలీయుల మూలపురుషునికీ), జేమ్స్ అనే అపొస్తలునికీ (యేసు శిష్యునికీ) యాకోబు అని ఒకే పేరు ఉంచి కాపాడారు.

ఇక అర్థం సంగతి. బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండము 25వ అధ్యాయంలో ఆ పితరుడు అన్న ఏశావు మడమ పట్టుకొని పుట్టాడు కనుక, హీబ్రూలో మడమను సూచించే మాటతో ముడిపెట్టి ఆ పేరు పెట్టారు. మోసమన్న మాట 27వ అధ్యాయంలో, తండ్రి ఆశీర్వాదం తమ్ముడి వల్ల పోగొట్టుకున్న ఏశావు నోట వస్తుంది. ఆస్తి తగాదాలో అన్న తమ్ముణ్ణి తిట్టిన తిట్టును తెచ్చి, పేర్ల పుస్తకాలవారు అర్థమని అచ్చువేస్తున్నారు; ఒకరిని చూసి మరొకరు ఎత్తిరాయడమే తప్ప ఆ అధ్యాయం తెరిచినవారు ఉన్నట్లు లేదు. ఇది మొదట ‘దేవుడు కాపాడుగాక’ అనే దీవెన పేరు అని చాలామంది పండితుల అభిప్రాయం, నాకూ అదే సబబుగా తోస్తుంది.

తరువాత ఆ యాకోబుకు ఇశ్రాయేలు అని కొత్త పేరు వచ్చింది కదా, పాతది చెడ్డదనే కదా మార్చారు అని కొందరు వాదిస్తారు. ఆయన తాత అబ్రాము అబ్రాహాము అయ్యాక ఆదికాండములో పాత పేరు మళ్లీ వినబడదు. ఈయన విషయంలో మాత్రం 46వ అధ్యాయంలో దేవుడే “యాకోబూ, యాకోబూ” అని పిలుస్తాడు. అమెరికాలో 1999 నుండి 2012 వరకు ఏటా మగబిడ్డలకు అత్యధికంగా పెట్టిన పేరు కూడా ఇదే.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. యాకోబు, జాకబ్ రెండూ వాడుకలో ఉన్నాయి కనుక, జనన ధ్రువపత్రంలో ఏ రూపం రాయిస్తారో తక్కిన కాగితాలన్నింటిలోనూ అదే రాయించండి. ఇంట్లో జేకీ అని పిలిచినా ఇబ్బంది లేదు.