మెట్లున్నవి ముందు చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. ప్రపంచంలో చూడదగ్గవి చాలానే రాశావు గానీ, పేరున్న వరసలో రాసుకున్నావు. నేనైతే మోకాళ్ల లెక్కన రాస్తాను. ఎక్కాల్సినవి, ఎత్తున ఉన్నవి ముందు. బండి దిగి నిలబడి చూసేవి తర్వాత.

అలా చూస్తే మొదటిది పెరూలోని మాచు పిచ్చు. 15వ శతాబ్దంలో ‘ఇంకా’ అనే అక్కడి జాతివాళ్లు కొండ మీద కట్టిన ఊరు, 2,430 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు గురించే అందరికీ టెన్షన్. అసలు ఇబ్బంది పెట్టేది మాత్రం విమానం దిగే కుస్కో నగరం. అది ఇంకా పైన, దాదాపు 3,400 మీటర్ల దగ్గర ఉంది. దిగిన రోజే అక్కడ తిరగడం మొదలుపెడితే తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. నేరుగా కింది లోయలోకి దిగిపోయి ఒకటి రెండు రాత్రులు అక్కడే ఉండు. ఒళ్లు అలవాటుపడ్డాక కుస్కో చూడొచ్చు. మాచు పిచ్చులోకి రోజుకు ఇంతమందే అని లెక్క ఉంది, టికెట్ మీద వేళ కూడా వేసి ఇస్తారు. అందుకని ముందు ఆ టికెట్ కొను, తర్వాతే విమానం.

జోర్డాన్‌లో రాతి కొండల్లో తొలిచిన పాత నగరం పెట్రాకు ఒక్క పూట పెట్టావు. చాలదు. నిలువు కొండల మధ్య ఇరుకు దారిలో కిలోమీటరు పైగా నడిస్తే ఖజానా అనే కట్టడం ఎదురవుతుంది. ఫోటోల్లో కనిపించేది అదే. చాలామంది అక్కడినుంచే వెనక్కి తిరుగుతారు. ఇంకా లోపలికి వెళ్లి సుమారు 800 మెట్లెక్కితే, అంతకంటే పెద్దది, మొనాస్టరీ అనే కట్టడం ఉంది. వెళ్లేటప్పుడు దారి పక్క రాతిలో తొలిచిన నీటి కాలువలు చూడు. పెట్రాను కట్టిన నబాతీయులు ఎడారిలో అంత నగరం నిలబెట్టింది నీటిని అలా ఒడిసిపట్టే! ఖజానా కన్నా నాకు ఆ కాలువలే గొప్పవనిపిస్తాయి. వాన సూచన ఉన్న రోజు మాత్రం ఆ దారిలో అడుగుపెట్టకు, ఉన్నట్టుండి వరద వస్తుంది.

కంబోడియాలోని అంగ్కోర్ వాట్‌లో సూర్యోదయం చూడాలని రాశావు. ఆ గుడి ముఖం పడమటికి. పొద్దున ముందువైపు నుంచి కనిపించేది నల్లటి ఆకారమే. జనమంతా కోనేటి గట్టున ఫోన్లెత్తి నిలబడి ఉంటే నువ్వు తూర్పు వసారాలోకి వెళ్లు. పాలసముద్ర మథనం ఆ గోడమీదే చెక్కారు. పడమటి వైపు కురుక్షేత్రం ఉంది, దాన్ని సాయంత్రం ఎండలో చూడు.

ఫ్రాన్స్‌లో ఆదిమానవులు బొమ్మలు గీసిన లాస్కో గుహను జాబితాలోంచి కొట్టేయకు గానీ, తెలిసి వెళ్లు. సందర్శకుల ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో అసలు గుహ మూసేశారు. ఇప్పుడు చూపించేది నకలు.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దున ఉన్న విక్టోరియా జలపాతం విషయంలో నెల ముఖ్యం. ఏప్రిల్‌లో నీళ్లు పుష్కలంగా ఉంటాయి, కానీ తుంపర దట్టంగా లేచి ఎదుట ఏముందో కనపడదు. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు చాలా చోట్ల వట్టి రాయే మిగులుతుంది. జూన్, జూలై నయం.

అమెరికాలోని పెద్ద లోయ గ్రాండ్ క్యాన్యన్ చివరికి పెట్టుకో. దక్షిణపు అంచు దాకా రోడ్డుంది, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, అరవై దాటాకైనా చూడొచ్చు. లోయ అడుగున పారే నది దాకా దిగాలని ఉంటే మాత్రం ఇప్పుడే వెళ్లు. ఒక్క రోజులో దిగి మళ్లీ ఎక్కాలని చూడకు. దిగేది చల్లటి పొద్దున, ఎక్కేది మండే ఎండలో; పైగా కింద వేడి అంచు మీదకన్నా చాలా ఎక్కువ. కింద రాత్రి ఉండటానికి అనుమతి కావాలి, దానికి నెలల ముందే అర్జీ పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య